దీపము చెప్పిన సాక్ష్యము: ‘గ్యాస్‌లైట్’ (1940) చిత్రమును గూర్చి

ఇటీవల మా శాఖలోని యొక పరిశోధక విద్యార్థిని ఆధునిక తెలుగు కథలలోని దాంపత్య చిత్రణమును గూర్చి తాను వ్రాసిన అధ్యాయమును నాకు చదువనిచ్చెను. అందు ‘గ్యాస్‌లైటింగ్’ అను మాట పదునాలుగు తావుల కనబడినది. ఆ మాటకు ఆమె పుట అడుగున నిచ్చిన వివరణము ఇది: పూర్వమొక ఆంగ్ల చిత్రమున భర్త తన భార్యకు మతి చలించినదని నమ్మించుటకై ఇంటిలోని గ్యాసు దీపములను బుద్ధిపూర్వకముగా తగ్గించుచుండెను, దీపము తగ్గినదని ఆమె యన్నప్పుడెల్ల తగ్గలేదని బొంకుచుండెను, అందుండి ఈ మాట పుట్టినది. ఈ వివరణము ఆమె కల్పించినది కాదు. పత్రికలలోను, కొన్ని గ్రంథములలోను ఇట్లే కనబడును. నేనును చాలకాలము ఇట్లే నమ్మితిని. తరగతిలో ఇట్లే చెప్పితిని కూడ. చిత్రమును రెండవమారు శ్రద్ధగా చూచిన పిమ్మట గాని నా పొరపాటు నాకు తెలియలేదు.

భర్త భార్యను మోసగించుటకు దీపమును తగ్గించుట లేదు. అతడు చేయు మోసములు వేరుగా నున్నవి, అవి చాల ఉన్నవి. దీపము తగ్గుట మాత్రము అతడు తలపెట్టిన పని కాదు. మరియొక పనిలో మునిగియున్న అతనికి తెలియకుండ జరుగునట్టిది. అతని రహస్యమును బయటపెట్టు సాక్షి ఆ యింటిలో అదియొక్కటే. ఈ భేదము పైకి చిన్నదిగా తోచవచ్చును గాని, ఆ కథ యొక్క నిర్మాణమంతయు దీనిపైననే నిలిచియున్నదని నా అభిప్రాయము. దానిని నిరూపించుటయే ఈ వ్యాసమున నా ప్రయత్నము.

ముందుగా కథయొక్క పూర్వాపరములు కొంత చెప్పవలసియున్నది. ఇది మొదట నాటకము. ప్యాట్రిక్ హామిల్టన్ (1904-1962) అను ఆంగ్ల రచయిత దీనిని వ్రాసెను. ‘రోప్’ అను నాటకమును, ‘హ్యాంగోవర్ స్క్వేర్’ అను నవలను వ్రాసినవాడు ఈతడే. ‘గ్యాస్ లైట్’ నాటకము 1938 డిసెంబరులో లండను చేరువనున్న రిచ్‌మండు రంగశాలలో ప్రథమముగా ప్రదర్శింపబడి, మరుసటి నెలలో లండను నగరములోని అపాలో రంగశాలకు చేరినది. 1940లో బ్రిటిష్ నేషనల్ సంస్థ దీనిని చిత్రముగా నిర్మించినది. దర్శకుడు థరాల్డ్ డికిన్సన్. ఛాయాగ్రాహకుడు బెర్నార్డ్ నోల్స్. భర్త పాల్ మాలెన్‌గా ఆంటన్ వాల్‌బ్రుక్, భార్య బెల్లాగా డయానా వినియార్డ్ నటించిరి. చిత్రము గంటన్నరకు లోపుగనే ముగియును. నాలుగేండ్ల తరువాత అమెరికాలో ఇదే కథ ఇన్‌గ్రిడ్ బెర్గ్‌మన్ నాయికగా మరల చిత్రింపబడి లోకప్రసిద్ధమైనది. పేరు వినినవారిలో చాలమందికి తెలిసినది ఆ రెండవ చిత్రమే. నాకు మొదటిదానిపై పక్షపాతము కలదని ముందే ఒప్పుకొనుచున్నాను. కారణములు పిదప చెప్పెదను.

కథ లండనులోని పిమ్లికో ప్రాంతమున నడచును. ఆలిస్ బార్లో అను వృద్ధురాలు ఒంటరిగా నుండగా ఎవడో ఆమె గొంతు నులిమి చంపును. ఆమె కడనున్న పేరుపొందిన కెంపులకై ఇల్లెల్ల వెదకి, కుర్చీల దూదిని సయితము చీల్చి చూచును. కెంపులు దొరకవు. హంతకుడును దొరకడు. ఆ యిల్లు పెక్కేండ్లు పాడువడియుండును. తరువాత క్రొత్తగా పెండ్లియైన మాలెన్ దంపతులు అందు కాపురమునకు వత్తురు. పై అంతస్తు మూసివేయబడి యుండును. కొలది కాలమునకే బెల్లా వస్తువులను పోగొట్టుకొనుట మొదలగును. భర్త యిచ్చిన పతకము కనబడదు. గోడనున్న పటము మాయమై మరియొకచోట దొరకును. ఇవన్నియు నీవు చేసిన పనులే, చేసి మరచుచున్నావు, నీ మతి సరిగా లేదు అని భర్త పదే పదే చెప్పును. కోపముతో చెప్పుట తక్కువ. ఓర్పుతో, జాలితో, రోగిని చూచునట్లు చూచి చెప్పుట ఎక్కువ. వాల్‌బ్రుక్ నటనలోని భయంకరత్వము ఆ ఓర్పులోనే కలదు.

అతడు ప్రతిరాత్రి బయటకు పోవును. పోయిన కొంతసేపటికి ఆమె గదిలోని దీపము సన్నగిల్లును. పైన అడుగుల చప్పుడు వినబడును. అతడు తిరిగి వచ్చుటకు కొంచెము ముందు దీపము మరల పెద్దదగును.

ఇచ్చట ఆ దీపము యొక్క నిర్మాణమును కొంత వివరింపక తప్పదు. విద్యుద్దీపములకు అలవాటుపడిన మనకు ఇది తెలియకపోవుటయే పైన చెప్పిన పొరపాటునకు మూలమని తోచుచున్నది. లండను వీథులలో గ్యాసు దీపములు 1807లో పాల్ మాల్ అను వీథియందు చూపబడినవి. 1812లో గ్యాసు సరఫరాకై ప్రత్యేకముగా ఒక కంపెనీకి రాజశాసనము లభించినది. ఆ శతాబ్దపు ఉత్తరార్ధమున మధ్యతరగతి యిండ్లలోనికి ఆ గొట్టములు వచ్చినవి. బొగ్గునుండి తీసిన వాయువు వీథిలోని పెద్ద గొట్టము నుండి ఇంటిలోనికి ఒకే గొట్టముగా వచ్చి, అక్కడ శాఖలుగా చీలి గదిగదికి పోవును. నేటి వలెనే అన్ని దీపములకు అది ఉమ్మడి సొత్తు. ఒక గదిలో క్రొత్తగా దీపము వెలిగించినచో ఆ గొట్టములోని ఒత్తిడి కొంత తగ్గి, తక్కిన గదులలోని జ్వాల చిన్నదగును. మన ఇండ్లలో మేడపై కొళాయి త్రిప్పినచో క్రింది కొళాయి ధార సన్నబడుటను చూచినవారికి ఇది తేలికగా అర్థమగును. వెల్స్‌బాక్ కనిపెట్టిన మ్యాంటిల్ అను జాలి 1885 తరువాత గాని రాలేదు గనుక, అంతకుముందు ఆ జ్వాల ఏ మరుగును లేక గాలిలోనే మండెడిది. ఒత్తిడిలోని కొద్దిపాటి మార్పునైనను అది కంటికి చూపును. హామిల్టన్ నాటకము 1880 నాటి కథ.

మనము ‘దీపము కొడిగట్టినది’ అందుము. ఈ సందర్భమునకు ఆ మాట చెల్లదు. కొడి వత్తికి పట్టును. ఈ దీపమునకు వత్తియే లేదు. చమురు దీపము తనలోని లోపము వలన తగ్గును. గ్యాసు దీపము తనయందు ఏ లోపమును లేకున్నను, వేరొకచోట ఎవరో ఇంకొక దీపము వెలిగించుటచేత తగ్గును. ఈ కథకు చమురు దీపము గాని విద్యుద్దీపము గాని పనికిరాకపోవుటకు కారణమిదే. దీపము తగ్గుట అనగా ‘ఇంటిలో ఇంకొకరు ఉన్నారు’ అని అర్థము.

ఉన్నవాడు ఎవడో ప్రేక్షకునకు త్వరలోనే తెలియును. పాల్ మాలెన్ అసలు పేరు లూయీ బవర్. వృద్ధురాలిని చంపినవాడు అతడే. ఆనాడు దొరకని కెంపులకై మరల వచ్చి, బెల్లాను పెండ్లియాడి, ఆ యింటిలో చేరినాడు. అతనికి ఇదివరకే వేరొక భార్య కలదు గనుక ఈ పెండ్లియు చెల్లనిదే. ప్రతిరాత్రి ప్రక్కనున్న యింటి మార్గమున మూసిన పై అంతస్తునకు చేరి, అచట దీపము వెలిగించి వెదకుచుండును. వెదకుటకు వెలుగు కావలెను. వెలుగు కావలెనన్న గ్యాసు కావలెను. ఆ గ్యాసు భార్య గదిలోని దీపము నుండియే తగ్గును. తన దొంగతనమునకై వెలిగించుకొనిన దీపమే క్రింద తన్ను పట్టియిచ్చుచున్నదని అతడెరుగడు.

ఇప్పుడు పటమును, దీపమును ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. పటము మాయమగుట భర్త చేసిన పని. దానికి బెల్లా కడ ఏ సమాధానమును లేదు. తాను తీయలేదని ఆమెకు తెలిసినను, పనిమనుష్యులను పిలిపించి బైబిలు ముద్దుపెట్టించి ప్రమాణము చేయించిన తరువాత, ఇంటిలో మిగిలినది తానొక్కతెయే గనుక తానే తీసియుండవలెను అను నిర్ణయమునకు రావలసివచ్చును. అనగా పటము విషయమున తర్కము కూడ భర్త పక్షమున నున్నది. ఆధారము లన్నియు అతడు కల్పించినవే అయినప్పుడు ఎంత చక్కగా ఆలోచించినను ఆ ఆలోచన అతడు కోరిన చోటికే పోవును. దీపము అట్టిది కాదు. అది ఎవరును కల్పింపనిది. దానిని గమనించినది ఆమె కన్నులే.

ప్రమాణముల విచారము మన శాస్త్రములలో విస్తృతముగా జరిగినది. నైయాయికులు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నాలుగు ప్రమాణములు చెప్పిరి. శబ్దమనగా ఆప్తుని వాక్యము. ఉన్నది ఉన్నట్లు చెప్పువాడు ఆప్తుడు. బెల్లా స్థితిని ఈ పరిభాషలో చెప్పినచో విషయము చాల తేటపడును. ఆమెకు ప్రత్యక్షము కలదు: దీపము తగ్గినది, అడుగులు వినబడినవి. అనుమానమునకు కావలసిన సామగ్రియు కలదు. భర్త వెళ్లిన పిమ్మట దీపము తగ్గును. వచ్చుటకు ముందు పెరుగును. అతడు ఇంటిలో నున్నప్పుడు ఏ మార్పును లేదు. అన్వయమును వ్యతిరేకమును రెండును చూచినది. పొగను చూచి నిప్పు నూహించుటకు ఇంతకంటె ఎక్కువ కావలసినదేమి? కాని ఆమె పెరిగిన సంఘమున భర్త ఆప్తులలోకెల్ల ఆప్తుడు. అతని వాక్యము ‘నీ కన్ను చెడినది, నీ చెవి చెడినది, నీ మనస్సు చెడినది’ అని చెప్పుచున్నది. ఒక ప్రమాణము మిగిలిన వానిపై కూర్చుండి వాని గొంతు నులుముచున్నది. నిగమనము ఎంత సమీపమున నున్నను దానిని నోట పలుకుటకు ఆమెకు ధైర్యము చాలదు. పలికినచో ఆ పలుకే పిచ్చికి ఋజువగును.

మన పాఠకులకు ఇచ్చట పంచతంత్రములోని మేక కథ తప్పక స్ఫురించును. మేకను మోసికొనిపోవుచున్న బ్రాహ్మణునకు ముగ్గురు ధూర్తులు వేరువేరు తావులలో ఎదురై, భుజముపైనున్నది మేక కాదని చెప్పిచెప్పి నమ్మింతురు. అతడు మేకను దింపి పోవును. వారు దానిని భక్షింతురు. హామిల్టనునకు ఈ కథ తెలియునని నేననుట లేదు. మోసము యొక్క స్వరూపమొకటే గనుక పోల్చుచున్నాను, భేదము చూపుటకై పోల్చుచున్నాను. అక్కడ ధూర్తులు ముగ్గురు కావలసివచ్చిరి. ఒక అపరిచితుని మాటను బ్రాహ్మణుడు నమ్మలేదు. సంఖ్య వలన బలము వచ్చినది. ఇక్కడ ధూర్తుడు ఒక్కడే. అతనికి సంఖ్య అక్కరలేదు, సంబంధము చాలును. బ్రాహ్మణుడు పోగొట్టుకొనినది మేకను మాత్రమే. ఇంటికి పోయిన పిమ్మట అతని కన్నులు అతనికే యుండినవి. బెల్లాకు అట్లు తిరిగిపోవుటకు వేరొక యిల్లు లేదు. ఆమెను చూడవచ్చిన బంధువును సయితము భర్త గడప దాటనీయడు. ఈ ఏకాంతము లేనిదే ఆ మోసము నిలువదు. మరియొక జత కన్నులు ఆ గదిలోనికి వచ్చిననాడు అది కూలును.

భర్త మాటిమాటికి ‘పిచ్చి’ అను మాట నెత్తుట ఊరక బెదిరించుట మాత్రమే కాదు. దాని వెనుక ఆనాటి ఇంగ్లండు శాసనము కలదు. 1845 నాటి చట్టము ప్రకారము ఒక వ్యక్తిని ప్రైవేటు ఉన్మాదాలయమునకు పంపుటకు బంధువు వ్రాసియిచ్చు ఉత్తరువును, ఇద్దరు వైద్యుల యోగ్యతాపత్రములును చాలును. న్యాయాధికారి ఉత్తరువు కావలెనను నియమము 1890 చట్టముతో గాని రాలేదు. వివాహిత స్త్రీల ఆస్తికి సంబంధించిన ముఖ్యమైన చట్టము 1882 నాటిది. కనుక 1880లో ఒక గృహిణిని భర్త ఉన్మాదాలయము పేరు చెప్పి భయపెట్టినచో, ఆ భయము నిష్కారణము కాదు. 1858లో రోజీనా బుల్వర్ లిటన్ అను రచయిత్రి, తన భర్తయు ప్రసిద్ధ నవలాకారుడును మంత్రియునగు ఎడ్వర్డ్ బుల్వర్ లిటన్‌పై ఎన్నికల సభలో బహిరంగముగా నేరము మోపగా, ఆయన ఆమెను పట్టించి ఉన్మాదగృహమున నుంచెను. ప్రజలలో అలజడి పుట్టుటచే కొలది వారములకే విడువవలసివచ్చెను. విల్కీ కాలిన్స్ ‘ది ఉమన్ ఇన్ వైట్’ నవల ఆ మరుసటి సంవత్సరముననే వారపత్రికలో ప్రకటింపబడ మొదలిడినది. అందును స్త్రీని ఉన్మాదాలయమున బంధించి ఆమె పేరునే అపహరించుట కథావస్తువు. హామిల్టన్ తన నాటకమును ఆ కాలమునకే జరుపుట కేవలము అలంకారము కొరకు కాదు.

చిత్రమున నన్ను మిక్కిలి కలచినది హత్య కాదు, అంతిమ ఘట్టమును కాదు, సంగీత సభ. బెల్లా ఎంతో బ్రతిమాలగా భర్త ఆమెను ఒక సంపన్నురాలి గృహమున జరుగు పియానో కచ్చేరికి తీసికొనిపోవును. నాటకమంతయు ఒకే గదిలో జరుగును గనుక ఈ ఘట్టము చిత్రమునకే చెందినది. ఆమె చక్కగా అలంకరించుకొనియుండును. ముఖమున చాలనాళ్లకు వెలుగు కనబడును. పదిమందిలో కూర్చుండి పాట వినుచుండగా భర్త ఆమె వైపు వంగి, తన గడియారము కనబడుట లేదని మెల్లగా చెప్పును. వెదకగా అది ఆమె సంచిలో దొరకును. సభ సాగుచునేయుండును, వాయించువాడు వాయించుచునేయుండును. ఆమె ఏడ్పు ఆగక పైకి వచ్చును. అందరును తిరిగి చూతురు. భర్త క్షమాపణ వేడుచు ఆమెను బయటకు నడిపించును. చూచినవారందరికి ఆయన దౌర్భాగ్యుడైన సజ్జనుడు, ఆమె ఉన్మత్త. ఒక్క గడియారముతో అతడు సభ నెల్ల సాక్షులుగా సంపాదించుకొనినాడు. మేక కథలోని ముగ్గురు ధూర్తుల పనిని ఇచ్చట ఏ పాపమును ఎరుగని పెద్దమనుష్యులు చేసిరి. డికిన్సన్ ఈ ఘట్టమున హడావుడి పడడు. ముఖములను చూపి ఊరకుండును.

ఇట్లు గాఢముగా పేర్చిన మోసము విడిపోవుటకు మార్గము దీపమే. రఫ్ అను పూర్వపు డిటెక్టివు బవర్‌ను చూచి ఆనవాలు పట్టును. స్థూలకాయుడు, వయస్సు మళ్లినవాడు, కొంత హాస్యపాత్రము. అతడు భర్త లేని వేళ వచ్చి బెల్లాతో మాటలాడును. నాటకమున ఈ ఘట్టము అద్భుతముగా నున్నది. దీపము తగ్గుట, పెరుగుట అను సంగతి ఆమె సంకోచముతో చెప్పగా, ఆ ముదుసలి దానిని తేలికగా త్రోసిపుచ్చక, అది గొప్ప ఆధారమని సంతోషపడును. ఆమెను ఓదార్చుటకు ముందే ఆమె పరిశీలనను మెచ్చుకొనును. ‘నీకు పిచ్చి లేదు’ అని వేయిమార్లు చెప్పుట కంటె ఇది మేలైన వైద్యము. పిచ్చి లేదనునది మరల ఇంకొకరి వాక్యమే, అదియు శబ్దప్రమాణమే. ఆమెకు కావలసినది తన ప్రత్యక్షము తనకు తిరిగివచ్చుట. నీవు చూచితివి, చూచినది ఉన్నది, దానివలన ఇది సిద్ధించుచున్నది: ఇంతే కావలెను. కెంపుల సంగతియు ఇట్టిదే. నాటకమున అవి దాగియున్నది భర్త ఆమెకిచ్చిన పతకములోనే. వస్తువులు పోగొట్టునదని ఎవతెను నిందించెనో ఆమె చేతిలోనే అతడు వెదకు వస్తువున్నది.

అంతిమ ఘట్టమున భర్త కుర్చీకి కట్టబడియుండును. ఆమెతో ఒంటరిగా మాటలాడుటకు అనుమతి దొరకగా, కత్తి తెచ్చి త్రాళ్లు కోయుమని బ్రతిమాలును. అప్పుడామె అతడు నేర్పిన భాషనే అతనికి అప్పగించును. నేను పిచ్చిదానను గదా, కత్తి చేతనున్నదో లేదో నాకెట్లు తెలియును, తెచ్చినను ఎచ్చటనో పోగొట్టుదును గదా అను ధోరణిలో ఆమె మాటలాడును. ఈ దృశ్యమును ప్రతీకారముగా చూచువారు కలరు. నాకు మాత్రము ఆమె ఆ నిమిషమున నిజముగనే పిచ్చికిని స్వస్థతకును నడుమ గీచిన గీతపై నిలిచియున్నట్లు కనబడును. డయానా వినియార్డ్ కన్నులు ఆ సంశయమును చెదరనీయవు. భర్త పట్టుబడినంత మాత్రమున భార్య మనస్సు వెంటనే కుదుటబడినదని చూపకపోవుట ఆ చిత్రమునందలి నిజాయితీ.

చిత్రము 1940 జూనులో విడుదలయినది. 1939 సెప్టెంబరు 1వ తేదీ నుండి బ్రిటనులో దీపముల ఆంక్ష అమలులో నుండెను. రాత్రులందు కిటికీలకు నల్లతెరలు, వీథులలో చీకటి. అట్టి చీకటిలో నడచివచ్చి ఒక సన్నగిల్లు దీపమును చూచిన ప్రేక్షకుల మనఃస్థితి యెట్టిదో ఊహింపదగినది. నాయకపాత్రధారి వాల్‌బ్రుక్ వియన్నాలో జన్మించిన ఆస్ట్రియను నటుడు. అసలు పేరు అడాల్ఫ్ వోల్‌బ్రూక్. నాజీల కాలమున జర్మను చిత్రరంగమును విడిచి ఇంగ్లండు చేరినవాడు. అతని నోట ఆంగ్లము కొంత పరాయి యాసతో మెరయుట ఆ పాత్రకు కలిసివచ్చినది.

తరువాత ఈ చిత్రమునకు పట్టిన గతి విచిత్రమైనది. అమెరికాలోని ఎం.జి.ఎం. సంస్థ ఈ కథను మరల చిత్రించు హక్కులు కొని, పాత చిత్రము పోటీకి రాకుండ దాని ప్రతులను, మూలప్రతిని నాశనము చేయింప జూచినదని చలనచిత్ర చరిత్రకారులు వ్రాసియున్నారు. డికిన్సన్ ఒక ప్రతిని దాచుకొనెను. ఉన్నదానిని లేదనిపించు ప్రయత్నము ఈ చిత్రమునకే జరుగుట చూచి నవ్వవలెనో, నొచ్చుకొనవలెనో తెలియదు. ఆ చిత్రము 1952లో అమెరికాలో ‘ఏంజెల్ స్ట్రీట్’ అను పేర బయటికి వచ్చినది. నాటకము బ్రాడ్‌వేలో 1941 డిసెంబరు నుండి 1,295 ప్రదర్శనములు జరుపుకొనినదియు ఆ పేరుతోనే.

జార్జ్ క్యూకర్ దర్శకత్వమున వచ్చిన 1944 నాటి చిత్రము తక్కువదని చెప్పజాలను. బెర్గ్‌మన్‌కు ఉత్తమనటిగా ఆస్కారు బహుమానము దానివలననే వచ్చినది, కళాదర్శకత్వమునకును వచ్చినది. పనిపిల్లగా నటించిన ఏంజెలా లాన్స్‌బరీకి అదియే మొదటి చిత్రము. కాని అందు ముదుసలి రఫ్ స్థానమున జోసఫ్ కాటన్ వంటి సుందరుడైన యువకుడు వచ్చినాడు. నాయికకు సత్యముతోపాటు ముందుముందు ఒక తోడు దొరకవచ్చునను సూచనయు వచ్చినది. దీపము తగ్గుటను అతడును చూచి ఔననునప్పుడు ప్రేక్షకుని హృదయము తేలికపడును, అంతమాత్రము నిజము. అయినను అనురాగము గల కన్నులు చెప్పిన సాక్ష్యమునకును, ఏ సంబంధమును లేని ముసలి డిటెక్టివు చెప్పిన సాక్ష్యమునకును భేదమున్నది. మొదటిదానియందు ఒక పురుషుని వాక్యమునకు బదులు మరియొక పురుషుని వాక్యము వచ్చినదేమో యను అనుమానము మిగులును. నా పక్షపాతమునకు కారణమిది.

ఇక మాట సంగతి. నాటకమునందు గాని, రెండు చిత్రములందు గాని ‘గ్యాస్‌లైట్’ అనునది క్రియగా లేదు. మానవశాస్త్రజ్ఞుడు ఆంతొనీ వాలెస్ 1961 నాటి గ్రంథమున ఆరోగ్యవంతుని రోగిగా నమ్మించుట యను అర్థమున దానిని క్రియగా వాడినాడు. 1969లో బార్టన్, వైట్‌హెడ్ అను వైద్యులు ‘లాన్సెట్’ పత్రికలో, తమవారిని వదలించుకొనుటకై మానసిక చికిత్సాలయమునకు పంపజూచిన ఉదంతములను ఈ పేరుతో వర్ణించిరి. తరువాత మనోవిశ్లేషకులు, తత్త్వవేత్తలు, సమాజశాస్త్రజ్ఞులు దీనిని చర్చించిరి. 2015లో ఇంగ్లండు, వేల్సులకు వర్తించు చట్టము దంపతుల నడుమ, కుటుంబములో, నిరంతరముగా సాగు నిర్బంధ ప్రవర్తనను శిక్షార్హమైన నేరముగా చేసినది. అందీ మాట లేకున్నను ఈ విషయము చేరును. 2022లో మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువువారు దీనిని ఆ సంవత్సరపు పదముగా ప్రకటించిరి. అంతటితో దాని అర్థము మిక్కిలి పలుచబడినది. అబద్ధమాడిన ప్రతివాడును, అభిప్రాయభేదము తెలిపిన ప్రతివాడును ఈ నేరము చేసినవాడే యగుచున్నాడు.

తెలుగున దీనికేమనవలెను? ‘మభ్యపెట్టుట’ మోసము మాత్రమే. ‘బుకాయించుట’ చేసినదానిని చేయలేదని దబాయించుట. ఇది కొంత దగ్గర, కాని బుకాయింపబడినవాడు తన కన్నులను శంకింపడు, ఎదుటివాని సిగ్గులేనితనమునకు విస్తుపోవును. ‘నందిని పంది చేయుట’ అను నానుడి చెప్పువాని నేర్పును తెలుపును గాని వినువాని వేదనను తెలుపదు. ‘బుద్ధిభ్రంశము కలిగించుట’ అన్నచో ఫలితము సిద్ధించినట్లగును. బెల్లాకు అది సిద్ధింపలేదు. నాకు సరియైన మాట దొరకలేదని చెప్పుటకు సంకోచింపను. మేక కథ నుండి ఒక నుడికారమును చేసికొనవచ్చునేమో పండితులు ఆలోచింపదగును.

మా విద్యార్థినితో ఈ విషయమంతయు ముచ్చటింపగా ఆమె చిత్రమును తానును చూచి, పుట అడుగునున్న వివరణమును కొట్టివేసి మరల వ్రాసినది. అంతటితో ఆగలేదు. పదునాలుగు తావులలో తొమ్మిదింట ఆ మాటను తీసివేసినది. ఆ కథలలోని భర్తలు వట్టి అబద్ధీకులట. మిగిలిన అయిదు కథలలో ఒక్కొక్కదానియందు, భర్త కల్పింపనిది, భార్య తన కన్నులతో చూచినది ఏదైన ఉన్నదా అని ఇప్పుడు వెదకుచున్నది. రెండింట దొరకినవని నిన్న వచ్చి చెప్పినది. తక్కిన మూడింటిలో ఇంకను దొరకలేదు.